ఒక జర్మన్ ఇంటిపేరు కోసం సబ్హాన్ దాకా

చెల్లెలు పద్మ తను చేసుకోబోయేవాడి పూర్తి ఇంటిపేరు చెప్పినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. బెకర్ గెనాంట్ నీహోఫ్. మధ్యలో ఉన్న ఆ గెనాంట్ అంటే జర్మన్‌లో "అని పిలవబడే" అని అర్థమట. అంటే అలియాస్. మా కడప వైపు పేరులో అలియాస్ ఉన్నవాళ్ళ ఫొటోలు పోలీస్ స్టేషన్ గోడ మీదే చూశాను నేను. ఇద్దరం కువైట్‌లోనే ఉంటాం: పద్మ బ్నీద్ అల్ గార్‌లో ఉండే నర్సు, నేను అమ్ఘరాలో సిమెంటు గోడౌన్ సూపర్‌వైజర్ని. నేను చూసి సరే అంటేనే తనూ ఒప్పుకుంటానని అమ్మ భారమంతా నా మీద వేసింది. అందుకే శుక్రవారం పొద్దున్నే సబ్హాన్‌కు బయల్దేరాను. పద్మ చేసుకోబోయే ఆ జర్మన్ అక్కడ ఒక వర్క్‌షాపులో మిషన్లు బాగుచేస్తాడు.

ఎంతసేపు చూసినా బస్సు జాడ లేదు. టాక్సీ అయిదు దినార్లు అడిగితే నాలుగుకు బేరం తెగింది. ఆరో రింగ్ రోడ్డు ఖాళీగా ఉంటే ముప్పావు గంటలోపే చేరొచ్చు. డ్రైవర్ ఖాదర్ భాయ్‌ది రాయచోటి. సంగతంతా విని అద్దంలోంచి నన్ను జాలిగా చూశాడు.

"రెండు పేర్లుండేవానికి రెండు సంసారాలుంటాయి అన్నా. గట్టిగా అడుగు."

ఆ మాట దారంతా నన్ను తొలిచేసింది.

వర్క్‌షాపు గేటు దగ్గర పద్మ కూడా నిలబడి ఉంది. నేను రమ్మనలేదు. అతను చేతుల గ్రీజు తుడుచుకుంటూ వచ్చి టీ ఇచ్చాడు. నేను టీ ముట్టకుండా, నీ అసలు పేరేదని ఇంగ్లీషులో సూటిగా అడిగాను. రెండూ అసలువేనన్నాడు. ఇలాంటి జవాబులు చెప్పే లారీవాళ్ళను నేను రోజూ చూస్తుంటాను.

జర్మనీలో వాళ్ళ వెస్ట్‌ఫాలియా వైపు పూర్వం పేరు మనిషిది కాదట, పొలానిదట. నీహోఫ్ అంటే కొత్త పొలం. ఆ పొలం వాళ్ళింట్లో ఒక్కతే కూతురు. రొట్టెలు కాల్చే బెకర్ల కుర్రాడొకడు ఇల్లరికం వచ్చాడు. చర్చి రిజిస్టర్‌లో అతని పాత పేరే రాశారు, ఊరు మాత్రం పొలం పేరుతో పిలిచింది. చివరికి రెండూ కలిపి వంశానికి అతుక్కున్నాయి. పొలం ఎప్పుడో అమ్ముడుపోయింది, పేరు మిగిలింది. మా వైపు ఇల్లరికపు అల్లుడికి ఆస్తి దక్కుతుంది కానీ ఇంటిపేరు మారదు. అందుకే నాకు సగమే నమ్మకం కుదిరింది. ఇంతలో అతను నవ్వి, కావాలంటే మీ ఇంటిపేరు పెట్టుకోవడానికీ సిద్ధమేనన్నాడు. ఆ సగం నమ్మకమూ పోయింది. మాకున్న ఎకరంన్నర శెనక్కాయ చేను మీద వీడి కన్ను పడిందా ఏమిటి?

పద్మ నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, నువ్వు ఆయప్ప పేరు అడిగేదానికి వచ్చినావా, నా పెండ్లి ఆపేదానికి వచ్చినావా?"

నిజానికి ఆపడానికే వచ్చాను. నా చెల్లెలు నాకు తెలియని భాషలోకి, తెలియని ఊరికి వెళ్ళిపోతుందని భయం. ఆ భయానికి సాకుగా అతని పేరు దొరికింది, అంతే.

సబ్హాన్ వెళ్ళేవాళ్ళు వచ్చిన టాక్సీనే ఆపుకోండి, శుక్రవారం మధ్యాహ్నం తిరుగు బండి దొరకదు. నేను పంపేశాను కాబట్టి అతని కారే ఎక్కాల్సి వచ్చింది. పద్మ ముందు, నేను వెనక. దారిలో అమ్మ ఫోన్ చేసి, ఎట్లాంటోడు నాయనా అని అడిగింది.

"నాకింకా అనుమానం పోలేదుమా," అన్నాను. "అయినా ఒప్పుకో."

అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పద్మ వెనక్కి తిరగకుండానే కళ్ళు తుడుచుకుంది.