మేనమామల లెక్క

డాక్టరమ్మ కొప్పులోంచి పెన్ను లాగిందంటే ఎదుటివాళ్ళ మేనమామలకు మూడినట్టే.

"మీ అమ్మగారికి అన్నదమ్ములెంతమంది?"

పిల్లల వార్డులో ఎవరికీ మినహాయింపు లేదు. లిఫ్టు బాగుచేయడానికొచ్చిన మనిషిని అడిగింది. తనిఖీకొచ్చిన పెద్ద అధికారినీ అడిగింది. జవాబు రాగానే చేతికందిన కాగితం మీద వంశం గీసేది. మగవాళ్ళకు గడి, ఆడవాళ్ళకు సున్నా, పోయినవాళ్ళకు వాటి మీద అడ్డగీత. ఒకసారి నర్సమ్మ సెలవు చీటీ వెనకే గీసేసింది. ఆ సెలవు ఇప్పటికీ మంజూరు కాలేదు.

"పెళ్ళిసంబంధాలు కుదర్చాల్సిన మనిషి, దారితప్పి ఇటొచ్చింది," అనేది నర్సమ్మ.

ఆ వారం రెండేళ్ళ బాబొకడు వచ్చాడు. ఏడాదిలో నాలుగో న్యుమోనియా. ప్రతిసారీ తగ్గించి పంపారు, ప్రతిసారీ తిరగబెట్టింది. డాక్టరమ్మ టార్చి వేసి గొంతు చూసింది. టాన్సిల్స్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. పెన్ను బయటికొచ్చింది.

"బాబుకు మేనమామలెంతమంది?"

"ఎవరూ లేరండీ," అంది తల్లి.

డాక్టరమ్మ అమ్మమ్మ వైపు తిరిగింది. "అసలు పుట్టలేదా, పుట్టి పోయారా?"

అమ్మమ్మ ఒళ్ళోని సంచీ సర్దుకుంది. "పోయినవాళ్ళని కూడా లెక్కేస్తారా?"

"మా దగ్గర వాళ్ళదే ముందు వరస, పెద్దమ్మా."

"ఇద్దరు. ఏడాది నిండకుండానే, ఇలాగే దగ్గుతో. చలిగాలికి తిప్పి చంపుకున్నానన్నారు అందరూ."

"అందరికీ ఏం తెలుసు? జబ్బుతో పోరాడే యాంటీబాడీలు ఆ పిల్లల రక్తంలో తయారయ్యుండవు. ఆ లోపం తల్లిని ముట్టకుండా, తల్లికి తెలియకుండా ఆమె నుంచే మగపిల్లలకు అందుతుంది. మీరు ఇల్లు కదలకపోయినా అంతే."

"మరి వీడు?"

"గొంతులో టాన్సిల్స్ లేకపోవడం కూడా ఆ లోపానికి గుర్తే. రక్తపరీక్ష రానివ్వండి."

మూడోరోజు పరీక్ష వచ్చింది. యాంటీబాడీలు దాదాపు సున్నా.

"లేనివి నెలనెలా మనమే ఎక్కిద్దాం," అంది డాక్టరమ్మ. "బడికెళ్తాడు, అల్లరి చేస్తాడు, మీ చేత తిట్లు తింటాడు."

తల్లి బాబును గట్టిగా హత్తుకుంది. అమ్మమ్మ మాత్రం ఫైల్లో డాక్టరమ్మ గీసిన వంశం బొమ్మనే చూస్తోంది.

"మా బంగారుగాడి మీద, బుజ్జిగాడి మీద ఈ కొట్టివేతలేంటమ్మా?"

"పోయారని గుర్తు."

"తీసెయ్యకూడదూ?"

"కుదరదు పెద్దమ్మా. నియమం."

అమ్మమ్మ ఆవిడను ఎగాదిగా చూసింది. "నీకెంతమంది మేనమామలు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆవిడను అడిగినవాళ్ళు లేరు. "ఏడుగురు," అంది డాక్టరమ్మ, కాస్త తడబడి.

"అదీ సంగతి. గారాబం చేసి చెడగొట్టారు."

నర్సమ్మ నవ్వాపుకోలేక వరండాలోకి పరిగెత్తింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ అరగంట ముందే వచ్చి అమ్మమ్మ చేతిలో ఓ కాగితం పెట్టింది. స్కేలుతో గీసిన రెండు గడులు. అడ్డగీతల్లేవు. కింద గుండ్రటి అక్షరాలతో: బంగారు, బుజ్జి.

"నియమమన్నారు?" అంది నర్సమ్మ.

"అది ఫైలుకి."

అమ్మమ్మ కాగితాన్ని వెలుతురుకెత్తి పట్టుకుంది. వెనక ఏదో రాసుంది. నర్సమ్మ వంగి చూసింది. నిన్న సాయంత్రం తనిచ్చిన కొత్త సెలవు చీటీ.

నర్సమ్మ ఇంకోటి రాసుకోవడానికి వెళ్ళింది. అప్పటికే డాక్టరమ్మ, పక్క మంచం దగ్గర, కొప్పులోంచి పెన్ను లాగింది.