రెంచీ లైటు, నాలుగో లెక్క

మా ఆయన కార్లు బాగుచేస్తాడు. వీధిలో అందరూ ఆయన్ని సత్తెకాలం అని పిలుస్తారు. మొదట్లో వెనకాల అనుకునేవారు, ఇప్పుడు ఎదురుగానే పిలుస్తున్నారు, ఈయనా పలుకుతున్నాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది. ఈ మనిషి నాతో ఒక్కటంటే ఒక్క అబద్ధమైనా ఆడి ఉంటే ఎంత బాగుండేదో అని నేను అనుకోని వారం లేదు. కొత్త బట్టలు వేసుకుని ఎలా ఉన్నానని అడిగితే, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "భుజాల దగ్గర బిగుతుగా ఉంది" అంటాడు. ఎవరడిగారు భుజాల సంగతి?

ఇంటి ముందున్న రేకుల షెడ్డే ఆయన రాజ్యం. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసని ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. విన్నాక వ్యాధి పేరు చెబుతాడు. ఆయిల్ మార్చిన ప్రతి బండికీ ఒక తెల్ల అట్టముక్క మీద పాత ఆయిల్ చుక్క ఒకటి, కొత్త ఆయిల్ చుక్క ఒకటి వేసి, తేదీ, మీటరులోని అంకె రాసి, అద్దానికి వేలాడదీస్తాడు. అదీ ఆయన సాక్ష్యం. ముందు సీటుకి ఎదురుగా ఉండే సొరుగుని మాత్రం చచ్చినా తెరవడు. అందులో మనుషుల సొంత వస్తువులుంటాయట, ఇంజన్ బాగుచేసేవాడికి సొరుగుతో పనేమిటట. ఒకసారి ఎవరిదో ఫోను ఆ సొరుగులో గంటసేపు మోగింది. ఆ మోత వింటూనే బ్రేకులు బిగించాడు గానీ చెయ్యి అటు పోనివ్వలేదు.

ఈ సాక్ష్యాల పిచ్చి ఎక్కడ పట్టుకుందో నాకు తెలుసు. వందసార్లు విన్నాను. ఏడో తరగతిలో ఈయనకి లెక్కలు చెప్పిన మేడం ఉన్నారు. ఒకనాడు ఈయన జీవితంలో మొదటిసారి, ఎవరి సాయమూ లేకుండా హోంవర్కు చేశాడు. చేసి, ఆ నోటుబుక్కుని ఇంట్లో కిటికీ మీద మర్చిపోయి బడికెళ్ళాడు. "చేశాను మేడం, ఇంట్లో ఉంది" అంటే ఆవిడ, "చేశానన్నవాడు చూపిస్తాడు. చూపించనివాడు చెయ్యలేదు" అని సాయంత్రం దాకా తలుపు బయట నిలబెట్టారు. మర్నాడు పుస్తకం పట్టుకెళ్తే, "నిన్నటి హోంవర్కు ఇవాళ దిద్దను" అన్నారు. అంతే. మిగతావాళ్ళయితే పెద్దయ్యాక నవ్వుకుని మర్చిపోతారు. మా ఆయన మాత్రం ఆ తలుపు బయటే ఉండిపోయాడు.

అదే మేడం పద్దెనిమిదేళ్ళుగా మా షెడ్డుకి వస్తున్నారు. ఆవిడ బండి వస్తే ఈయన ఉతికిన చొక్కా వేసుకుంటాడు. ఆ హోంవర్కు సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు, ఆవిడకి గుర్తున్నట్టూ లేదు. ఉద్యోగం నుంచి దిగిపోయిన కొన్నేళ్ళకి, ఈ మధ్యే, ఆవిడ పాత బండి ఇచ్చేసి ఒక చిన్న కొత్త కారు కొన్నారు. మొన్న సోమవారం దానికి ఆయిల్ మార్చమని తెచ్చారు. ఈయన మార్చాడు, అట్టముక్క మీద చుక్కలు వేశాడు, స్క్రూడ్రైవర్ పెట్టి విని, "ఒంట్లో బాగుంది" అని పంపించాడు.

మంగళవారం పొద్దున్నే మేడం మళ్ళీ వచ్చారు. దిగగానే, "నువ్వు ఆయిల్ మార్చావా?" అన్నారు.

"మార్చాను మేడం. అట్టముక్క కట్టాను చూడండి."

"అట్టముక్క నువ్వు రాసింది. ఇది బండి రాసింది." తాళం తిప్పి చూపించారు. మీటరులో పసుపు రంగులో, నట్లు బిగించే రెంచీ బొమ్మ, దాని కింద ఆయిల్ మార్చవలెను అని అక్షరాలు.

మా ఆయన మొహం ముప్పై తొమ్మిదేళ్ళు వెనక్కి పోయింది. నేను కళ్ళారా చూశాను. వెంటనే బండి కిందికి దూరి, నిన్న పోసిన ఆయిల్ అంతా వంచేసి, మళ్ళీ కొత్తది పోశాడు. మేడం పరీక్ష హాల్లో తిరిగినట్టు బండి చుట్టూ తిరుగుతూ చూశారు. వంచిన ఆయిల్‌ని గిన్నెలో చూపించి, "చూడండి మేడం, ఎంత శుభ్రంగా ఉందో, ఒక్కరోజుది" అన్నాడు ఈయన.

"నాకు ఆయిల్ రంగులు తెలియవు. లైటు రంగు తెలుసు" అన్నారావిడ.

తాళం తిప్పితే రెంచీ అలాగే వెలుగుతోంది. ఈయన దాన్ని తుడిచాడు. మీటరు అద్దం మీద వేలితో తట్టాడు. బ్యాటరీ తీగలు ఊడదీసి, కాసేపు ఆగి, మళ్ళీ బిగించాడు. రెంచీ చెక్కుచెదరలేదు గానీ గడియారం పన్నెండు గంటల దగ్గరికి పోయింది.

"ఇప్పుడు టైము కూడా తప్పు చూపిస్తోంది" అన్నారు మేడం. "చూడు, నువ్వు మార్చలేదని నేను అనడం లేదు. బండి అంటోంది. ఎల్లుండి నేను మా అక్క దగ్గరికి దూరం వెళ్ళాలి, ఈ లైటు పెట్టుకుని వెళ్ళను. బండి ఇక్కడే వదిలి వెళ్తాను. రేపు పది గంటలకి కంపెనీ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాను. ఏం చేశావో, ఏం చెయ్యలేదో వాళ్ళే చూసి చెబుతారు."

ఆవిడ వెళ్ళాక ఈయన భోజనం ముట్టలేదు. వచ్చిన వేరే బండ్లని రేపు రమ్మన్నాడు. బండి తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, తాళం తిప్పి తిప్పి ఆ రెంచీ బొమ్మనే చూశాడు. "ఇంజన్‌లో ఎక్కడో నాలుక ఉందే దీనికి. నేను పోసిన ఆయిల్ దానికి నచ్చలేదు" అన్నాడు చివరికి. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాలుకా లేదు, గీలుకా లేదు. ఆ సొరుగులో బండితో పాటు ఇచ్చిన పుస్తకం ఉంటుంది, తీసి చూద్దాం" అన్నాను.

"ఆవిడ లేకుండా ఆవిడ సొరుగు తెరుస్తావా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. తన పరువు పోయేటట్టున్నా సరే, సొరుగు పరువు పోకూడదు. ఇలాంటి మనిషితో ఏం వేగుతాం చెప్పండి.

బుధవారం పది గంటలకి మేడం తాళాల కోసం చెయ్యి చాచారు. ఈయన తల వంచుకుని ఇవ్వబోయాడు. నేను మధ్యలో దూరాను.

"మేడం, ఒక్కసారి మీ సొరుగులో పుస్తకం చూడనిస్తారా?"

ఆవిడే తీసిచ్చారు. పుస్తకానికి గోధుమ రంగు కాగితంతో నీటుగా అట్ట వేసి ఉంది. చీటీ అంటించి, ఎర్ర సిరాతో ఆవిడ పేరు, విషయం: కారు, అని రాసి ఉంది. లోపల పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

"మేడం, మీరు ఇది చదవలేదా?" అన్నాను. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై రెండేళ్ళు పిల్లల చేత పుస్తకాలు చదివించిన మనిషి ఆవిడ.

నూట నలభయ్యో పేజీలో ఉంది. ఆయిల్ మార్చాక లైటు దానంతట అది ఆరదట. ఇంజన్ ఆపి, మీటరు పక్కనున్న చిన్న బటన్ నొక్కి పట్టుకుని, స్టార్ట్ చెయ్యకుండా తాళం తిప్పి, పది లెక్కపెట్టే దాకా వదలకూడదట. నేను కూర్చుని నొక్కాను. ఈయన కంగారులో పదిని నాలుగు క్షణాల్లో లెక్కపెట్టేశాడు, నేను వదిలేశాను. రెంచీ మళ్ళీ వెలిగింది.

"అలా కాదు. అంకెకీ అంకెకీ మధ్య ఊపిరి తీసుకోవాలి" అని మేడం ముందుకొచ్చారు. "ఒకటి. రెండు. మూడు." వెనక బెంచీ దాకా వినపడే గొంతు. ఎనిమిది దగ్గర రెంచీ మినుకుమంది. పది దగ్గర ఆరిపోయింది.

నేను హమ్మయ్య అనుకున్నాను. ఈ మహానుభావుడు ఊరుకోవాలి కదా.

"ఆయిల్ ముట్టుకోకుండా ఈ బటన్ ఒక్కటే నొక్కినా ఆరిపోతుందా?" అన్నాడు. పుస్తకం చూసి, ఆరుతుందని చెప్పాను. బండి తిరిగిన దూరం తప్ప దానికి ఇంకేం తెలియదట.

"అయితే మేడం, ఈ లైటు ఆరిందని నన్ను నమ్మకండి. ఆర్పడం ఎవరైనా ఆర్పచ్చు. ఇది సాక్ష్యం కాదు" అన్నాడు.

నెత్తి బాదుకోవాలనిపించింది. చేతికందిన గెలుపుని తిరిగి ఇచ్చేసే మనిషిని ఎక్కడైనా చూశారా? ఇక నా నోరు ఆగలేదు. "మేడం, ఏడో తరగతిలోనూ మీరు ఇలాగే చేశారు. హోంవర్కు చేశానంటే నమ్మలేదు. ఈయన ఈనాటికీ దాన్నే మోస్తున్నాడు. ఈ అట్టముక్కలన్నీ మీ కోసమే."

"ఊరుకోవే" అన్నాడు ఈయన, గోడ వైపు తిరిగి.

మేడం అద్దానికి వేలాడుతున్న అట్టముక్కని తిప్పి చూశారు. తర్వాత మెల్లగా, "ఆ పుస్తకం నిజంగానే ఇంట్లో ఉందా?" అని అడిగారు.

"ఉంది మేడం. ఇప్పుడూ ఉంది."

పనిముట్ల బీరువా పై అరలోంచి ప్లాస్టిక్ సంచీ ఒకటి దించాడు. అది ఇంటి కాగితాలనుకుని ఇన్నేళ్ళూ నేను దుమ్ము దులుపుతున్నాను. మేడం ఆ నోటుబుక్కుని బానెట్ మీద పరిచి, తన చేతిసంచీలోంచి ఎర్ర పెన్ను తీశారు. పది లెక్కలూ వరసగా చూశారు. ఈయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యాభై ఒక్క ఏళ్ళ మనిషి, అచ్చం బడిపిల్లాడిలాగే.

తొమ్మిది లెక్కలకి టిక్కు పెట్టారు. కింద 'చేశాడు' అని రాసి, ఆ బుధవారం తేదీ వేసి, సంతకం పెట్టారు. ఆ ఒక్క మాట చూసి మా ఆయన ఏడ్చేశాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

"ఆ రోజు నాది తప్పు" అన్నారు మేడం. వెళ్తూ వెళ్తూ కిటికీ దించి, "నాలుగో లెక్క మాత్రం తప్పు. శేషం ఎక్కడో పారేశావు. నేను ఊరి నుంచి వచ్చేసరికి చేసి ఉంచు" అన్నారు.

అప్పటి నుంచి షెడ్డులో స్టూలు మీద నాలుగో లెక్క నడుస్తోంది. చూసి చూసి ఇవాళ శేషం ఎంతో నేను చెప్పబోయాను.

"నువ్వు చెప్పకు" అన్నాడు రెండు చెవులూ మూసుకుని. "ఎవరు చేశారని మేడం అడిగితే నేనేం చెప్పాలి?"