వాసన వస్తోందా?

అతని అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ ఆయిలు బాబాయే. ఒకప్పుడు అతని తోపుడుబండి మలుపు తిరగకముందే కిరసనాయిలు కంపు వీధిలోకి వచ్చేది. ఆ కంపుకే ఆడవాళ్లు డబ్బాలు, సీసాలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు. ఇంక కేక వేయాల్సిన పనేముంది? గొట్టాన్ని నోటితో పీల్చి డ్రమ్ములోంచి ఆయిలు దించేవాడు, గరాటు పెట్టి చుక్క కింద పడకుండా పోసేవాడు, చేతులు మాత్రం చొక్కాకే తుడుచుకునేవాడు. ఆ చొక్కాని భార్య మిగతా బట్టల్లో కలపనిచ్చేది కాదు. "నువ్వు గడపలో కాలు పెట్టకముందే నీ కంపు వంటింట్లోకి వచ్చేస్తుంది" అని విసుక్కునేది. విసుక్కుంటూనే స్నానానికి నీళ్లు తోడిపెట్టేది.

తర్వాత ఒక్కో ఇంట్లోకీ గ్యాసు పొయ్యి వచ్చింది. "బాంబుని తెచ్చి వంటింట్లో పెట్టుకుంటున్నారు. మళ్లీ నా దగ్గరికే వస్తారు చూడు" అని బాబాయి నవ్వాడు. ఎవరూ రాలేదు. డబ్బాలు తెచ్చే చేతులు తగ్గుతూ వచ్చాయి, చివరికి సరుకు రావడమే ఆగిపోయింది. బండిని పాత ఇనుము కొట్టుకి ఇచ్చేశాడు. ఆఖరికి బాబాయి ఇంటికీ కూతురే గ్యాసు తెచ్చింది. అటక ఎక్కిన ఒత్తుల స్టవ్వుని చూసి బాబాయి నాలుగు రోజులు మూతి ముడుచుకున్నాడు గానీ, అన్నం మాత్రం మానలేదు.

ఈ మధ్యలో ఎప్పుడో అతని ముక్కు పోయింది. ఉండడానికి మొహం మీదే ఉంది, వాసనే తెలియదు. అన్నేళ్లు ఆయిలు పీల్చిన ముక్కుకి పూలూ ఒకటే, మురికికాలవా ఒకటే అయిపోయింది. వయసు మీద పడిందిలే అని ఊరుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

భార్యకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. చూపు, తెలివి, ఎడమచెయ్యి మిగిలాయి. కూతురు బట్టల ఫ్యాక్టరీకి పొద్దున వెళ్తే సాయంత్రం గానీ రాదు.

"నీ వల్ల కాకపోతే చెప్పు నాన్నా" అంది కూతురు ఒకరోజు. "ఊరవతల ఇలాంటివాళ్లని చూసుకునే చోటుంది. అమ్మని అక్కడ చేర్పిద్దాం. ఆదివారాలు వెళ్లి చూసొద్దాం."

"నాకేమొచ్చింది? నేను చూసుకుంటాను."

ఆ పిల్ల చెడ్డది కాదు, అలిసిపోయింది. అయినా ఆదివారాలు అన్న మాట అతని గుండెలో ముల్లులా దిగింది.

ఒక మధ్యాహ్నం అతను పాలు పొయ్యి మీద పెట్టి గుమ్మంలో కూర్చుని కునుకు తీశాడు. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. మంచం మీద భార్య గ్లాసుతో మంచంకోడుని టంగుటంగున కొట్టింది. దాహమనుకుని నీళ్లు తెచ్చాడు. ఆమె తల తిప్పేసింది. "ఓహో, టీ కావాలా? ఉండు, పెడతాను" అంటూ, పాల సంగతే మరిచిపోయి, లైటరు చేతిలోకి తీసుకుని వంటింటివైపు నడిచాడు. గ్లాసు ఎగిరొచ్చి వీపుకి తగిలింది. ఒళ్లు మండి తిరిగొచ్చి మంచం మీదికి వంగితే, ఆమె ఎడమచేత్తో అతని ముక్కు పట్టుకుని గట్టిగా నులిమింది. ఆ కళ్లు చూశాక గానీ అతనికి బుర్రకెక్కలేదు. పరుగున వెళ్లి పొయ్యి కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచి, వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

సాయంత్రం కూతురితో ఈ సంగతి అతను చెప్పలేదు. భార్యా చెప్పలేదు, చెప్పడానికి మాట లేదు కాబట్టి.

అప్పటినుంచి పొయ్యి వెలిగించే ముందు మంచం దగ్గరికొచ్చి అడగడం అలవాటైంది. "వాసన వస్తోందా?" ఆమె గాలి పీల్చి, చెయ్యి అటూఇటూ ఊపితే రావడం లేదని. అప్పుడు వెళ్లి వెలిగించేవాడు. ఇద్దరికీ కలిపి ఒక ముక్కు. ఆ ముక్కుతోనే సంసారం సాగింది.

ముసురు పట్టిన రోజుల్లో ఆ ముక్కుకి జలుబు చేసింది.

పొద్దుటినుంచి దగ్గు. గుక్క తిప్పుకోనివ్వని దగ్గు. ఫ్లాస్కులో కూతురు పోసి వెళ్లిన వేడినీళ్లు అయిపోయాయి. బాబాయి లైటరు పట్టుకుని అలవాటుగా అడిగాడు. ఆమె పీల్చింది. ముక్కు గుర్రుమంది. మళ్లీ పీల్చింది. చెయ్యి సగం లేచి దుప్పటి మీద పడిపోయింది. తెలియడం లేదు.

పొయ్యి మరలు మూసే ఉన్నాయి. కానీ పొద్దున కూతురు కొత్త సిలిండరుని హడావుడిగా బిగించి వెళ్లింది, సరిగా పడిందో లేదో. తలుపులు తీసిపెడదామంటే వానజల్లు నేరుగా మంచం మీదికే. అటక మీంచి ఒత్తుల స్టవ్వు దించి ఊపి చూశాడు. చుక్క లేదు. ఊరందరి పొయ్యిలూ వెలిగించినవాడు, పెళ్లాం గొంతు తడపడానికి ఇన్ని నీళ్లు కాచలేక అలా నిలబడ్డాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

మళ్లీ దగ్గు. ఈసారి ఆమె కళ్లు తేలేసింది.

వానలోనే వెళ్లి పక్కింటి తలుపు తట్టాడు. బట్టలు కుట్టే ఆవిడ బయటికొచ్చింది.

"అమ్మాయ్, ఒక్కసారి మా వంటింట్లోకి వచ్చి గ్యాసు వాసనేమైనా ఉందేమో చూసిపెడతావా?"

ఆవిడ నవ్వింది. "నీకు తెలియని వాసనా బాబాయ్?" వచ్చి, పీల్చి, "ఏం లేదు, వెలిగించుకో" అంది. అప్పుడు అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. "నిజంగానే తెలియడం లేదా? మరి రోజూ ఎలా వండుతున్నావు?"

అతను మంచంవైపు చూశాడు.

"మీ అమ్మాయికి తెలుసా?"

"తెలీదు. నువ్వు చెప్పకమ్మా. చెప్తే దీన్ని తీసుకెళ్లిపోతారు."

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "చెప్పకుండా ఎలా ఉంటాను బాబాయ్? మీ గోడా మా గోడా ఒకటే. అవతల నా పిల్లలు పడుకుంటారు."

అతను వెళ్లి పొయ్యి వెలిగించాడు. నీళ్లు కాగాయి. చల్లార్చి, భార్య తల ఒళ్లోకి తీసుకుని చెంచాతో పట్టాడు. దగ్గు నెమ్మదించింది. ఫ్యాక్టరీ వదిలే వేళవుతోంది. ఆమెకి దాహం ఎప్పుడో తీరిపోయింది. అయినా అతను ఇంకో చెంచా, ఇంకొక్క చెంచా అంటూ పడుతూనే ఉన్నాడు, ఆమె నోరు తెరుస్తూనే ఉంది.