రత్నమ్మ చేను పడకుండా తీసిన నిహారిక ఫొటో

మా బావమరిది శేషగిరికి లోకంలో ఏ ఫొటో మీదా నమ్మకం లేదు. తన ఆధార్ కార్డు మీదున్నది కూడా తన ఫొటో కాదంటాడు. ఆ ఒక్క విషయంలో నేనూ ఒప్పుకుంటాను. చలికాలం మొదట్లో తెనాలిలో మా డాబా మీంచి చిన్న టెలిస్కోపుతో ఒక నిహారికని ఫొటో తీశాను. నిహారిక అంటే ఆకాశంలో వాయువూ ధూళీ కలిసిన పెద్ద మబ్బు. కొత్త నక్షత్రాలు పుట్టేది అలాంటి చోటే. మనవాళ్లు గొల్లకావడి అనే మూడు చుక్కలకి కాస్త కింద, చీకటి బాగుంటే ఉత్త కంటికి కూడా మసకగా ఆనుతుంది. మా వీధిదీపాల పుణ్యమా అని నా ఫొటో మొత్తం సాంబారు రంగులో వచ్చింది. శేషగిరి దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసి, "నెట్‌లోంచి దింపి పైన సాంబారు పోశావు కదా బావా" అన్నాడు. ఇంట్లో అని ఊరుకుంటే సరిపోయేది. గృహప్రవేశం భోజనాల్లో, బంతిలో కూర్చున్న అందరికీ వినపడేలా మళ్లీ అన్నాడు. అప్పట్నుంచి చుట్టాలు ఎదురైతే ఆరోగ్యం అడగడం మానేసి, "కొత్తగా ఏం దింపావు?" అని అడుగుతున్నారు. మోటార్లు చుట్టే కొట్టు పెట్టుకుని పాతికేళ్లుగా నిజాయితీగా బతుకుతున్నవాణ్ణి. చీకటి ఉన్న చోటికెళ్లి ఒక్క శుభ్రమైన ఫొటో తీసుకురావాలనుకున్నాను.

మొదట బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్లాను. సముద్రం మీద చీకటి బాగానే ఉంది. కానీ గంట తిరక్కుండా అద్దం మీద ఉప్పు తేమ పేరుకుంది. ఒకాయన వచ్చి ఇది డ్రోనా అన్నాడు. ఇంకొకాయన ఫొటోకి ఎంత తీసుకుంటారన్నాడు. మూడో ఆయన ఏమీ అనకుండా నన్నే ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. ఎవరికి చూపించడానికో ఇప్పటికీ తెలియదు. అందుకని రెండోసారి, ఫిబ్రవరి అమావాస్యకి, రేపల్లె అవతలి పొలాలు ఎంచుకున్నాను.

తెనాలి నుంచి రేపల్లెకి ప్యాసింజరు రైలుంది. గంట, గంటంబావు ప్రయాణం. టిక్కెట్టు టీ, రెండు గారెల ఖరీదు కూడా ఉండదు. టైములు మారుతుంటాయి, స్టేషన్లో అడిగి వెళ్లడం మేలు. నా సరంజామా అంతా ఒకే సంచిలో పడుతుంది: దుప్పట్లో చుట్టిన రెండు జానల టెలిస్కోపు, మూడు కాళ్ల స్టాండు, చుక్కల వెంట టెలిస్కోపుని నెమ్మదిగా తిప్పే చిన్న మోటారు, పాత కెమెరా, మూడు ఇటుకలు. ఇటుకలెందుకంటే మన డెల్టా నల్లమట్టిలో స్టాండు కాళ్లు దిగబడతాయి. కాలు వెంట్రుకవాసి దిగినా ఆకాశంలో చుక్క పురుగులా సాగుతుంది. రైల్లో పక్కనున్న పెద్దాయన తన సంచిని నా సంచికి దూరంగా జరుపుకున్నాడు. నేనూ నాది జరుపుకున్నాను. వేమూరు దాకా మేమిద్దరం ఎవరి సంచికి వాళ్లం కాపలా కాశాం.

రేపల్లె స్టేషన్ బయట ఆటో మాట్లాడాను. రానూ పోనూ, రాత్రి తొమ్మిది దాకా ఆగడంతో కలిపి ఆరువందలు. డ్రైవరు ప్రసాదు కుర్రాడేం కాదు, నలభై దాటినవాడు. ఊరు దాటాక అద్దంలోంచి సంచినే చూస్తున్నాడు.

"ఆ గొట్టం ఏంటండి బాబాయ్ గారూ? కొంగల్ని కొడతారా?"

"లేదయ్యా, టెలిస్కోపు. చుక్కల్ని చూడ్డానికి."

"మరి ఆ మూడు కాళ్లు?"

"దాన్ని నిలబెట్టే స్టాండు."

ఆటో నెమ్మదైంది. "పోయిన నెల్లో కూడా ఇట్టాగే మూడు కాళ్ల మిషన్ ఎక్కించుకున్నానండి. సర్వేవాళ్లు దాన్ని కాలవ గట్టున పెట్టి కొలుచుకున్నారు. మర్నాటికి గట్టంతా ఎర్రరంగు రాళ్లు పాతేశారు. రోడ్డు పడుద్దంటారు, పడదంటారు, చెప్పేవాడు లేడు. వాళ్లని తీసుకొచ్చానని ఆ ఊళ్లో నాకు మంచినీళ్లు పుట్టలేదండి నెల్లాళ్లు."

"నాది చుక్కల పనయ్యా."

"వాళ్లూ ఏదో పని అనే చెప్పారండి" అని ఆ ఊరికి ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే ఆటో ఆపేశాడు. "నేనిక్కడే ఉంటానండి. మీరెవరో నాకు తెలీదు."

పొద్దు వాలేసరికి కాలవ గట్టు మీద, ఒక మినప చేను మూలన చోటు చూసుకున్నాను. ఎర్రరాళ్లు నిజంగానే ఉన్నాయి. ఒకటి ఆ చేనుకి అడుగు లోపలే ఉంది. నేను ఇటుకలు మూడూ ముక్కోణంగా పరిచి, స్టాండు నిలబెట్టి, ధ్రువనక్షత్రం కోసం కూర్చున్నాను. మోటారు సరిగ్గా తిరగాలంటే స్టాండు ఇరుసు ఆ చుక్క వైపు చూడాలి. మన ప్రాంతంలో అది బాగా కిందికి, కొబ్బరిచెట్ల తలల దగ్గరే ఉంటుంది. అంటే దూరాన్నుంచి చూసేవాళ్లకి, ఒక కొత్త మనిషి గట్టు మీద మూడు ఇటుకలు పాతి, మూడు కాళ్ల మిషన్ పెట్టి, ఒంటికన్ను మూసి చేను వైపే గురిచూస్తున్నట్టుంటుంది. ఈ సంగతి నాకు వెనకాల గడ్డిమోపు దభీమని పడ్డాక తెలిసింది.

"లేవండి. ముందు లేవండక్కణ్ణుంచి."

నా వయసే ఉంటుంది ఆవిడకి. చేతిలో కొడవలి ఉంది. గడ్డి కోసుకొస్తున్న కొడవలే, కానీ దాన్ని సంచిలో పెట్టుకునే ఉద్దేశం కనపళ్లేదు.

"తెనాలి నుంచొచ్చానక్కా. నేను సర్వే మనిషిని కాదు."

"సర్వే ఊసు నేనెత్తానా? మీరే ఎత్తారు." కొడవలితో ఇటుకల వైపు చూపించింది. "ఆ ఇటుకలేంటి? ఇవాళ ఇటుకలు, రేపు రాళ్లు. అరవై సెంట్లండి నాకున్నది. అందులో ఒక రాయి ఇప్పటికే లోపలికొచ్చింది. ఇంకెంత లోపలికొస్తారు?"

ఆవిడ పేరు రత్నమ్మ. నిహారిక గురించి చెప్పాను. బావమరిది గురించి కూడా చెప్పాను. నిహారిక నమ్మలేదు కానీ, బావమరిదిని నమ్మినట్టుంది. "తింటూ తింటూ అందరి ముందూ అన్నాడా?" అని అడిగింది. అన్నాడన్నాను. అప్పుడు తీర్పు చెప్పింది: "తీసుకోండి. కానీ మీ మిషన్‌కి నా చేను కనపడకూడదు."

పాకలోంచి ధాన్యం ఆరబోసుకునే గోనె బరకం తెచ్చింది. రెండు వెదుళ్లు పాతి, చేను వైపు తెరలా కట్టేసింది. టెలిస్కోపు చూసేది పైకక్కా, దీనికి చేనుతో పనిలేదు అంటే, "పని లేనప్పుడు తెర ఉంటే మీకేం నష్టం?" అంది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ ఆవిడ మీద అనుమానమే. ఆ వెదుళ్లు ఏ క్షణాన నా అద్దం మీద పడతాయో, కావాలనే వదులుగా కట్టిందేమో అని.

చీకటి పడగానే చేను అవతల రొయ్యల చెరువు మీద పెద్ద లైటు వెలిగింది. సూర్యలంక వదిలి రేపల్లె దాకా ఖర్చు పెట్టుకుని వచ్చింది ఈ లైటు చూడ్డానికా అనిపించింది. తీరా చూస్తే మా చోటంతా నల్లగా ఉంది. బరకం నీడ సరిగ్గా టెలిస్కోపు మీద పడింది. నా మీద నమ్మకం లేక కట్టిన తెర, నాకు ఆ ఊళ్లో దొరికిన ఒకే ఒక్క చీకటి.

బరకం అంచుకి పైన దొరికిన ధ్రువనక్షత్రానికి ఇరుసు సరిచేసి, కెమెరా బిగించే ముందు ఆవిణ్ణి చూడమన్నాను. ముందు టెలిస్కోపు కొస బరకం దాటి చేను వైపు లేదని సరిచూసుకుని, అప్పుడు కన్ను పెట్టింది.

"ఏం కనపడిందక్కా?"

"గంజి వార్చేటప్పటి ఆవిరిలా ఉంది. మధ్యలో నాలుగు మెతుకులు."

నాలుగు కుర్ర నక్షత్రాలవి. అంత బాగా నేను ఎవరికీ చెప్పలేదు. ఆ వెలుగు అక్కణ్ణుంచి బయల్దేరి వెయ్యేళ్లు దాటిందని, మనం చూస్తున్నది అప్పటి మబ్బని అన్నాను. ఆవిడ తల పక్కకి తిప్పి నన్ను అనుమానంగా చూసింది.

"అంటే అక్కణ్ణుంచి ఎవరన్నా ఇటు చూస్తుంటే?"

"చూడగలిగితే, వాళ్లకీ వెయ్యేళ్లనాటి నేలే కనపడుద్ది."

"అయితే ఆ ఎర్రరాయి లేకుండా కనపడుద్ది" అంది. మళ్లీ కన్ను పెడుతూ, "వాళ్లని చూడనివ్వండి" అంది.

ఒక్కో ఫొటో పదిహేను సెకన్లు తెరిచి ఉంచి, గంటసేపు తీశాను. ఇంటికెళ్లాక కంప్యూటర్లో అవన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే మబ్బు స్పష్టంగా తేలుతుంది. వెళ్లే ముందు రత్నమ్మ ఫొటోలన్నీ చూపించమంది. చూపించాను. "ఇన్ని తీసి అన్నీ ఒకటే తీశారేంటండి?" అంది. నేను సర్దుకుంటుంటే టార్చి వేసి, ఇటుకలు మూడూ తనే లెక్కపెట్టి సంచిలో పెట్టించింది. ఇటుకలున్న చోట పడ్డ గుంటలు మడమతో తొక్కి చదును చేసింది. ప్రసాదు ఆటోలో పడుకుని ఉన్నాడు. నా ఒంటి మీద దెబ్బలేమీ లేవని చూసుకుని, అప్పుడు మళ్లీ బాబాయ్ గారూ అన్నాడు.

ఫొటో బాగా వచ్చింది. నల్లటి ఆకాశంలో గులాబీ రంగు రెక్క విప్పినట్టుంది. శేషగిరి చూసి, "ఇది మరీ బాగుంది, కచ్చితంగా నెట్‌లోదే" అన్నాడు. తర్వాత సంచిలో చెయ్యి పెట్టాడు. నల్లమట్టి ఎండిపోయిన ఇటుకలు బయటికి తీసి, వీటిని తెనాలి నుంచి రేపల్లె మోసుకెళ్లి, మళ్లీ మోసుకొచ్చావా అన్నాడు. కథంతా చెప్పాను. ఇటుకలు కింద పెట్టి, "అయితే తీసే ఉంటావు" అని ఒప్పుకున్నాడు. నాకు మాత్రం, నన్ను నమ్మని ఇద్దరిలో రత్నమ్మ అనుమానానికే ఎక్కువ విలువ ఇవ్వాలనిపించింది. శేషగిరికి పోయేదేమీ లేదు. ఆవిడకి అరవై సెంట్లు పోతాయి. ఆ రాయి తీస్తారో ఉంచుతారో ఇంకా ఎవరూ చెప్పలేదట. ఫొటో వచ్చిందని చెప్పడానికి ఆవిడ ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "మా చేను పడలేదు కదండీ?" పడలేదక్కా అన్నాను. "సరే అయితే. ఈసారొస్తే ఇటుకలు తేకండి. మూడు కాళ్లకీ నేనే మూడు పీటలు వేస్తాను" అంది.

మీరు ఇలా వెళ్లాలనుకుంటే ఒక్క మాట: వెలుతురుండగానే ఆ చేను ఎవరిదో కనుక్కుని, వాళ్లని అడిగాకే స్టాండు కాళ్లు విప్పండి.