కొండల ఊరి పెళ్ళిలో నలుగు

మస్కట్‌లో మా ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ ఒమానీ. తాతల కాలంలో ఆఫ్రికా వెళ్ళి, జాంజిబార్‌లో స్థిరపడి, మళ్ళీ వెనక్కి వచ్చేసిన కుటుంబం వాళ్ళది. ఇంట్లో ఇప్పటికీ స్వాహిలీయే మాట్లాడుకుంటారు. నేను కాకినాడ దాన్ని. మా ఇద్దరికీ ఇంగ్లీషే దిక్కు. అయినా లంచ్ బాక్సులు మార్చుకుని తినేంత స్నేహం. కూతురి పెళ్ళికి రమ్మంటే మస్కట్‌లోనే ఏదో హాలు అనుకుని సరేనన్నాను. తీరా చూస్తే రెండు గంటల ప్రయాణం, కొండల మధ్య వాళ్ళ సొంత ఊరు. పైగా పెళ్ళికి ముందే రావాలట.

"ఆడవాళ్ళ సందడంతా ముందే. పెళ్ళి రోజు ఏముంటుంది, ఫొటోలు తప్ప" అంది.

ఖర్జూరపు తోటలు దాటి ఆ ఇంటి ముందు కారు దిగాను. బయటికి వెళ్ళేప్పుడు బట్టల మీద వేసుకునే నల్ల అబాయాలన్నీ గుమ్మం పక్కన కొక్కాలకి వేలాడుతున్నాయి. లోపల అందరివీ పెద్ద పెద్ద పూల బట్టలే, కళ్ళు జిగేల్‌మనే రంగులే. మగపురుగన్నది లేదు. డప్పులు, పాటలు, లవంగాలు దట్టించిన అన్నం వాసన. నాకు వచ్చిన నాలుగు అరబీ ముక్కలు గుమ్మంలోనే అయిపోయాయి. ఎదురుపడ్డ ప్రతి ఆడమనిషీ బుగ్గకి బుగ్గ ఆనించి పలకరిస్తోంది. మా పెళ్ళిళ్ళలో ముందు మెడలో ఏముందో చూసి ఆ తర్వాత మొహం చూస్తారు. ఇక్కడ ముందు మొహమే.

బిక్కమొహం వేసుకుని నిలబడ్డ నన్ను ఒకావిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"తెలుగోళ్ళే కదక్కా? చీర కట్టు చూస్తానే అనుకుంటి. మాది కడప. ఈళ్ళింట్లో పదేండ్ల నుంచి పని చేస్తాండా. నీకేం కావాలన్నా నన్నడుగు."

నా ప్రాణం లేచొచ్చింది. మస్కట్‌లో అయితే కడప యాస వినిపిస్తే మా కాకినాడ వాళ్ళం ముసిముసిగా నవ్వుకుంటాం. ఆ పూట మాత్రం ఆ యాసని పట్టుకుని వదల్లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెళ్ళికూతుర్ని గది మధ్యలో చాప మీద కూర్చోబెట్టారు. పక్కనే వాళ్ళ అమ్మమ్మ. అందరూ బీబీ అంటారు, అంటే వాళ్ళ భాషలో అవ్వ అని. ఆవిడ ముందున్న పెద్ద గిన్నెలో పసుపు, చందనం, లవంగాల పొడి పన్నీటితో కలిపిన ముద్ద. ఒక్కొక్కళ్ళే వచ్చి పాటలు పాడుతూ ఆ పిల్ల చేతులకీ పాదాలకీ దాన్ని రుద్దుతున్నారు. చూడగానే గుర్తుపట్టాను. నలుగు! ఎక్కడి కాకినాడ, ఎక్కడి జాంజిబార్ అని తెగ సంబరపడిపోయాను.

అంతలో నా స్నేహితురాలు నా వైపు తిరిగి, ఇప్పుడు నీ వంతు అంది. పెళ్ళికూతురు నవ్వుతూ నాకు చెయ్యి చాచింది. ఎవరో గిన్నె అందించబోయారు.

నేను గబుక్కున వెనక్కి జరిగాను.

నలుగు ముత్తైదువలు పెట్టాలి. మా ఆయన పోయి మూడేళ్ళు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, ఆ మాట చెప్పుకోవాలి. మా అక్క కూతురి పెళ్ళిలో నలుగు వేళకి మా పిన్ని ఎంతో ప్రేమగా, "నువ్వు భోజనాల దగ్గర చూసుకోవే, నీ అంత బాగా ఎవరు చూస్తారు" అంది, అంతే. ఆ ప్రేమకే నాకు ఒళ్ళు మండింది. మండుతూనే వెళ్ళి సాంబారు గుండిగల పక్కన నిలబడ్డాను. ఆ తర్వాత ఎవరూ చెప్పే పని లేకుండా నేనే తప్పుకోవడం అలవాటైపోయింది. ఆఫీసులో మేనేజరుతో సైతం గొడవ పెట్టుకునే మనిషిని, పసుపు గిన్నె కనబడితే మాత్రం కాళ్ళు వాటంతటవే వెనక్కి నడుస్తాయి.

ఇదంతా ఆ గదిలో ఎవరికి తెలుసు? పాట ఆగిపోయింది. నా స్నేహితురాలి మొహం మాడిపోయింది. వాళ్ళ నలుపునీ, వాళ్ళ ఆఫ్రికా మాటనీ చూసి మొహం తిప్పుకునే బంధువులున్నారని ఆవిడే నాతో చెప్పింది ఒకసారి. ఈ పిల్లకి కుదిరిన మొదటి సంబంధం అందుకే తప్పిపోయిందట. నేనూ ఆ బాపతే అనుకుంది.

"నా కూతుర్ని ముట్టుకోవడం నీకు ఇష్టం లేదా?" అంది ఇంగ్లీషులో, మెల్లగా.

పెళ్ళికూతురు చాచిన చేతిని ఒళ్ళోకి లాక్కుంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంగ్లీషు ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు. కడప ఆవిడ భుజం పట్టుకుని, "అది కాదండీ బాబూ! మా ఆయన లేరు. నేను పూస్తే ఆ పిల్లకి మంచిది కాదు. కాస్త చెప్పండి వాళ్ళకి" అన్నాను.

"అంతేనా! నేనేందో అనుకుంటి" అని ఆవిడ స్వాహిలీలో చెప్పింది.

బీబీ నన్ను ఎగాదిగా చూసి ఏదో అడిగింది.

"మీ ఆయన పోయి ఎన్నాళ్ళయ్యె అని అడుగుతాంది."

"మూడేళ్ళు."

ఆ జవాబు వినగానే ముసలావిడకి నిజంగా కోపం వచ్చింది. చేతులు తిప్పుతూ గట్టిగా అరిచింది. కడప ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "మొగుడు పోతే ఇద్దత్ నాలుగు నెలల పది దినాలు గదా, మూడేండ్లయినా నిన్నింకా మూల ఎవరు కూర్చోబెట్టినారు అంటాంది. అవ్వకు గూడా మొగుడు లేడక్కా. ఇందాక మొట్టమొదట పూసింది ఎవరనుకుంటివి?" అంది.

వాళ్ళకీ నియమాలు లేకపోలేదు. ఆ నాలుగు నెలలూ అలంకారం కూడదు, ఊరికే గడప దాటకూడదు. కానీ దానికొక చివరంటూ ఉంది. ఆ రోజు రాగానే నలుగురూ వచ్చి, ఇంక లేమ్మా అంటారు. నాతో ఆ మాట ఎవరూ అనలేదు. మా పిన్ని అనలేదు, నేనూ అనుకోలేదు.

నా స్నేహితురాలు పెద్దగా ఊపిరి వదిలి, "పిచ్చిదానా, ఎంత భయపెట్టావు" అని నా వీపు మీద ఒక్కటిచ్చింది. గట్టిగానే ఇచ్చింది. నాకు హాయిగా ఉంది. బీబీ నా మణికట్టు పట్టుకుని నా చేతిని గిన్నెలో ముంచింది. పెళ్ళికూతురు మళ్ళీ చెయ్యి చాచింది. రుద్దుతుంటే కళ్ళ వెంట నీళ్ళు ఆగలేదు. ఎవరైనా ఓదారుస్తారేమో అనుకున్నాను. ఎవరూ ఓదార్చలేదు. బీబీ మళ్ళీ ఏదో అంది.

"ఏడ్చేది తర్వాత ఏడుద్దువు గానీ, సక్రంగా రుద్దు. మోచేతి కాడ వదిలేస్తాండావు అంటాంది."

మోచెయ్యి దాకా రుద్దాను. రెండో చెయ్యి కూడా నాకే ఇచ్చింది పెళ్ళికూతురు.