ఏ కొట్లోనూ టీ తాగని బాబాయి

మా పక్కింటి బాబాయి మొన్న పోయాడు. పొద్దున్నే మోటారు విప్పుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. నరసరావుపేట ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదన్నారు. రొంపిచెర్ల దగ్గర మా ఊళ్లో బోరు మోటార్లు బాగుచేసేవాడు ఆయనొక్కడే.

మా ఊరి సంగతి మీకు చెప్పాలి. ఇక్కడ పార్టీలు రెండు, టీకొట్లూ రెండు. ఎవరు ఎక్కడ టీ తాగుతారో చూస్తే చాలు, ఓట్లు లెక్కపెట్టక్కర్లేదు. బాబాయి కూడా వాళ్ల నాన్న తాగిన కొట్లోనే తాగేవాడు. కూతురు తొమ్మిదో తరగతిలో ఉండగా సోషల్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"నాన్నా, ఓటు రహస్యమని ఇందులో ఉంది. మరి మనం ఎవరికేస్తామో ఊరందరికీ ఎట్టా తెలుసు?"

బాబాయి గోడ మీదుగా నన్ను పిలిచి మరీ చెప్పాడు. "అమ్మాయ్, ఇన్నావా? ఇన్నేళ్లొచ్చినా నా బుర్రకి తట్టలా. దీనికి తట్టింది!"

అంతటితో ఊరుకుంటే ఆయన బాబాయి ఎందుకవుతాడు? మర్నాడు కొట్లో పెద్దమనుషుల ముందు ఆ ప్రశ్న వినిపించాడు, కూతురికి ఫస్టు ర్యాంకు వచ్చినంత సంబరంగా. మెచ్చుకుంటారనుకున్నాడు పాపం. "ఏందయ్యా, అవతలోళ్లు నేర్పిచ్చారా పిల్లకి?" అన్నారు. రోషమొచ్చి అవతలి కొట్టుకెళ్లి వాళ్లకూ చెప్పాడు. అక్కడా అదే మాట.

ఇక ఆయన టీ ఇంట్లోనే. వాకిట్లో బల్ల వేసుకుని కూతురిచేత పేపరు చదివించుకునేవాడు. "ఏకగ్రీవమంటే అందరికీ ఇష్టమనా నాన్నా, అందరికీ భయమనా?" అని అడిగేది ఆ పిల్ల. "తెలవదమ్మా" అనేవాడు, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, నా వైపు చూసి నవ్వుతూ. తెలియదన్న మాట అంత గర్వంగా చెప్పిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మోటార్లు రావడం తగ్గిపోయింది. రైతులు రొంపిచెర్లకు మోసుకెళ్లేవాళ్లు. పిల్ల నోరు మూయించమని పిన్ని పోరేది. "మోటారు కాలితే ఏ పార్టీవోడిదైనా ఒకటే కంపు. వాళ్లే వస్తార్లేవే" అనేవాడు. రాలేదు. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండేది, ముచ్చటా వేసేది.

వీధిలో పాడె వెళ్తుంటే, తమ మనిషిదైతే, కొట్టువాడు స్టవ్ ఆర్పుతాడు. బల్లల మీదివాళ్లు లేచి నిలబడతారు. ఇది మా ఊరి ఆనవాయితీ. బాబాయి పాడె రాగానే ఇటు కొట్టువాళ్లు అటు చూశారు, అటు కొట్టువాళ్లు ఇటు చూశారు. ఎవరూ లేవలేదు. రెండు స్టవ్‌లూ మండుతూనే ఉన్నాయి. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న ఆ కూతురే నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తోంది. రెండు వైపులా చూసింది.

సాయంత్రం ఆ పిల్లకు టీ పట్టుకెళ్లాను. వాకిట్లో అదే బల్ల మీద కూర్చుని ఉంది. పేపరు మడత విప్పకుండా పక్కన పడి ఉంది.

"అక్కా, నేనా రోజు ఆ మాట అడక్కుండా ఉంటే, ఇయ్యాల నాన్న కోసం లేచేవోళ్లు గదా?"

ఆ పిల్ల అడిగిన వాటిలో బాబాయి మురిసిపోలేని ప్రశ్న ఇదొక్కటే. లేచేవాళ్లే. అది నాకు తెలుసు, తనకూ తెలుసు.

"తెలవదమ్మా" అన్నాను.

గ్లాసు తీసుకుంది. చల్లారిపోయేదాకా చేతిలోనే పెట్టుకుని కూర్చుంది.