కెప్టెన్ మీద సాక్ష్యం చెప్పిన మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. శుక్రవారం పొద్దున నేను సత్తెనపల్లిలో మందుల షాపు షట్టరు ఎత్తుతుంటే అంజి ఫోన్ చేశాడు. చిన్నప్పుడు మా స్కూలు ఫుట్‌బాల్ జట్టులో లెఫ్ట్ వింగు ఆడినవాడు.

"సారు పోయాడురా. పాల ప్యాకెట్ తెచ్చుకుంటా అరుగు మీద కూలబడ్డాడంట. మళ్ళీ లేవలా."

నువ్వొస్తున్నావా అని అడిగాను. "నేను రాకపోతే ఎట్టారా? ఎవురొచ్చినా రాకపోయినా నేను రావాల గదా" అన్నాడు. షట్టరు కిందికి లాగి గురజాల బస్సెక్కాను.

మాస్టారిది మా ఊరు కాదు. పెదకూరపాడు వైపు నుంచి బదిలీ మీద వచ్చి, రిటైరయ్యాక కూడా మా ఊళ్ళోనే ఉండిపోయారు. పల్నాడులో కబడ్డీకి కొదవలేదు, క్రికెట్టుకి అసలు లేదు. ఈయన మాత్రం ఫుట్‌బాల్ తెచ్చారు. "కాళ్ళతో తన్నేదానికి సారు గూడా ఎందుకయ్యా, మా వోళ్ళకి పుట్టుకతోనే వచ్చు" అని పెద్దవాళ్ళు నవ్వారు. మాస్టారూ నవ్వారు. "తన్నడం వచ్చండి, ఎప్పుడు తన్నగూడదో నేర్పడానికొచ్చా" అన్నారట.

మా గ్రౌండు ఏడాదిలో కొన్ని నెలలు మిరప కల్లం. కాయలు ఎత్తేశాక మంచి వాన పడేదాకా అక్కడ ఆడకూడదని ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. ఒక ఏడు పోటీలు దగ్గరపడ్డాయని ఆయన తొందరపడి దింపారు. నేను గోల్‌కీపర్ని. మొదటి బంతికే డైవ్ కొట్టి లేచేసరికి కళ్ళు నిప్పులు. నా వెనకే అందరూ ఒకడి తర్వాత ఒకడు కూలబడి ఏడుపు. మాస్టారి కళ్ళూ మండిపోతున్నాయి, విజిల్ ఊదబోతే తుమ్ములు. ఇంటినుంచి కుండెడు మజ్జిగ తెప్పించి మా ముఖాలన్నీ ఆయనే కడిగారు. "తప్పు నాదేరా, నన్ను తిట్టుకోండి, కళ్ళు మాత్రం నలపమాకండి" అన్నారు. తప్పు నాదని పిల్లల ముందు ఒప్పుకున్న పెద్దమనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఆయనకో అలవాటుండేది. ఆట మొదలవకముందు మమ్మల్ని కింద కూర్చోబెట్టి మన దేశం జట్టుకి కెప్టెన్లుగా చేసినవాళ్ళలో ఒకాయన గురించి చెప్పేవారు. చర్చిలో వంశావళి చదివినట్టు ఫలానాయన తర్వాత ఫలానాయన అని వరస తప్పకుండా చెప్పేవారు. ఆ పేర్లు నేనిక్కడ రాయను. ఆయన నోట వింటే మనుషులు, నేను రాస్తే పరీక్ష జవాబులు. వట్టి కాళ్ళతో పరాయి దేశంలో ఆడిన జట్టుకి ముందు నడిచినాయన, ఆసియా పోటీల్లో బంగారం తెచ్చినవాళ్ళు, ఆ తర్వాత వరసగా ఓడిపోయిన కాలంలో పాపం కెప్టెన్ పట్టీ చేతికి కట్టుకున్నవాళ్ళు. ఈ ఓడినవాళ్ళంటే ఆయనకి ఎక్కువ ఇష్టం. "కప్పు ఎత్తినోణ్ణి లోకం గుర్తుపెట్టుకుంటది. నాలుగు గోల్సు తిని కూడా తలెత్తుకోని బయటికి నడిచినోణ్ణి మనం గుర్తుపెట్టుకోవాలిరా" అనేవారు. ఆ కథల్లో ఏది నిజమో, ఏది ఆయన అల్లిందో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

కానీ ఆ కథలు ఊరికే చెప్పలేదని పెద్దయ్యాక అర్థమైంది. మా ఊళ్ళో పై బజారు ఒక పార్టీ, కింది బజారు ఇంకో పార్టీ. పెళ్ళిళ్ళకి పిలుపులు లేవు, చావులకి పలకరింపులు లేవు. నాది మధ్య బజారు. "ఎటూ పరిగెత్తనోడివి, గోల్లో నిలబడరా" అని నన్ను ఆటపట్టించేవారు. అలాంటి ఊళ్ళో ఆయన పై బజారు శీనుని కెప్టెన్ చేశారు. కింది బజారు పిల్లలు, వాళ్ళలో అంజి ముందు, మేమాడమన్నారు. మాస్టారు కోప్పడలేదు.

"ఒక కెప్టెన్ నాగా కొండల్లో పుట్టాడు. ఒకాయనది బెంగాల్, ఒకాయనది హైదరాబాద్, ఒకాయనది పంజాబ్, ఇంకోడిది గోవా, ఇంకోడిది సిక్కిం. ఒకడి మాట ఇంకోడికి రాదు, ఒకడి కూడు ఇంకోడికి పడదు. అయినా వాళ్ళ వెనకాల పదిమంది నడిచారు. మీ రెండు బజార్లకీ మధ్యన మురిక్కాలవ తప్ప ఏముందిరా?" అన్నారు.

మర్నాడు అంజి వచ్చాడు. ఆ ఏడంతా వాడు బంతి అందించడం, శీను గోలు కొట్టడం. శీను షాటు చూడటానికి పెద్దవాళ్ళు కూడా వచ్చి గట్టు మీద కూర్చునేవారు. ఎడమ కాలు బంతి పక్కన నాటి, ఒంటిని కొంచెం ముందుకి వంచి కొట్టేవాడు. అలా నిలబడటం నేర్పడానికి మాస్టారు వాడి మడమ పట్టుకుని నేల మీద కూర్చున్న రోజులున్నాయి.

తర్వాత అందరం పెద్దవాళ్ళమయ్యాం. కొన్నేళ్ళ కిందటి ఎన్నికల తర్వాత మా ఊళ్ళో ఏం జరిగిందో పల్నాడు వాళ్ళకి వివరించనక్కర్లేదు. గెలిచిన పై బజారు వాళ్ళు కింది బజారు మీద పడ్డారు. తలుపులు విరిగాయి, బైకులు కాలాయి. ముఖాలకి తువాళ్ళు కట్టుకున్నవాళ్ళు అంజిని స్కూలు గోడ దగ్గర పట్టుకుని మోకాలు చిదగ్గొట్టారు. మాస్టారు ఆ గోడకి ఎదురింట్లో ఉండేవారు. అరుచుకుంటూ అడ్డం పరిగెత్తారు గానీ చేరేసరికి అంతా అయిపోయింది.

కేసు పెట్టారు. మా వైపు కేసులకి ఒక పద్ధతుంది. కొన్నాళ్ళకి పెద్దలు కూర్చుని రాజీ చేస్తారు. ఆ పైన సాక్షులు ఒక్కొక్కరే బోనెక్కి, మాకేం కనపడలేదని చెప్పి దిగిపోతారు. అలాగే అయింది. గురజాల కోర్టులో అంజి కర్ర ఆనించుకుని నిలబడి, "తువాళ్ళు కట్టుకున్నారండి, ఎవురో తెలవదు" అన్నాడు. అందరూ అదే చెప్పారు. ఆఖరున మాస్టారిని పిలిచారు. నేను ఆ రోజు వెనక బెంచీ మీద ఉన్నాను.

"చూశాను. కొట్టింది శీను" అన్నారు.

ముఖం కనపడకుండా ఎట్టా గుర్తుపట్టారని శీను తరఫు ప్లీడరు అడిగాడు. మాస్టారు శీను వైపు తిరిగారు. "కర్ర ఎత్తేముందు ఎడమ కాలు నాటుకోని వంగాడండి. ఆ నిలబడటం నేర్పింది నేనే. వాడు మా కెప్టెనండి."

"నేను కాదు, సారు అబద్ధమాడుతున్నాడు" అని శీను అరిచాడు. శిక్ష పడింది.

అక్కడినుంచి మాస్టారికి ఊళ్ళో నిప్పు, నీళ్ళు దొరకనంత పనైంది. రాజీ చెడగొట్టాడని కింది బజారుకి కోపం, బిడ్డని జైలుకి పంపాడని పై బజారుకి పగ. అమ్ముడుపోయాడన్నారు, అబద్ధపు సాక్షి అన్నారు. శీను తల్లి ఇంటి ముందుకొచ్చి మట్టెత్తి పోసింది. "బంతాట నేర్పమంటే నా బిడ్డకి సంకెళ్ళేస్తివి గదయ్యా!" ఆవిడ అలిసిపోయేదాకా మాస్టారు గుమ్మంలోనే నిలబడ్డారు. ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని గ్రౌండుకి పంపడం మానేశారు. ఆయన మాత్రం సాయంత్రం పూట బంతి చంకలో పెట్టుకుని వెళ్ళి, కాసేపు కూర్చుని వచ్చేవారు. శీనుని చూడటానికి జైలుకీ వెళ్ళేవారు. వాడు చూడనని కబురు పంపితే తెచ్చిన అరటిపళ్ళు అక్కడే ఎవరికో ఇచ్చేసి తిరిగొచ్చేవారు.

నాకు ఊరి మీద ఒళ్ళు మండేది, ఆయన మీద కూడా. ఒకసారి అడిగేశాను. "దెబ్బ తిన్నోడే చూడలేదన్నాడు. మీకెందుకు సార్?"

"దెబ్బ తిన్నోడు ఊళ్ళో బతకాల. కొట్టినోడు తప్పించుకోవాల. చూసినోడికి చెప్పడం తప్ప ఇంకేం పనుందిరా?" అన్నారు. మళ్ళీ ఆయనే, "అబద్ధం కాదని శీనుకి తెలుసు. అది చాల్లే" అన్నారు. చాలదని ఆయన ముఖమే చెప్పింది. ఒక్కసారి, ఒక్క మనిషి, మాస్టారు చెప్పింది నిజమని పైకి అనాలని ఆయన కోరిక. ఆ మాట వినకుండానే పోయారు.

సమాధుల తోటలో పట్టుమని పదిహేను మందిమి లేము. పెట్టె దించబోతూ పాస్టరు గారు, ఎవరైనా రెండు మాటలు చెబుతారా అని అడిగారు. అప్పుడు గేటు దగ్గర నిలబడి ఉన్న మనిషి లోపలికొచ్చాడు. శీను. విడుదలై వచ్చాడని విన్నాను గానీ చూడటం అదే మొదటిసారి. జుట్టు నెరిసింది.

"సారు కోర్టులో చెప్పింది నిజం. అంజిగాణ్ణి కొట్టింది నేనే" అన్నాడు.

అంజి మోకాలు వంగక గోతి పక్కన కాలు చాపుకుని కూర్చున్నాడు. తలెత్తలేదు. "నాకూ తెలుసురా. తువాలు జారింది. నీ ముఖం చూశా. చూడలేదని చెప్పా" అన్నాడు.

మాస్టారి భార్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అప్పటిదాకా ఏడవని మనిషి.

"ఆయన బతికుండంగా ఒక్కసారి చెప్పుంటే మీ సొమ్మేం పోయేదయ్యా?" అంది.

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. అంజి లేవలేకపోతుంటే శీను దగ్గరికెళ్ళి చెయ్యి అందించాడు. అంజి ఆ చేతిని చూశాడు. పట్టుకోలేదు. అరచేతులు మట్టిలో ఆనించి, పళ్ళు బిగించి, మెల్లగా తనంతట తనే లేచి కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థన అయ్యేదాకా శీను చెయ్యి అలాగే చాచి ఉంది.